లేబియాప్లాస్టీ చేయించుకోవాలనుకుంటే: ఖర్చు ఎంత, రిస్క్ ఎంత, ఏం అడగాలి

లేబియాప్లాస్టీకి, అంటే యోని లోపలి పెదవుల్ని చిన్నవి చేసే ఆపరేషన్‌కి, ఎంతవుతుందని ఫోన్ చేసి అడిగితే హైదరాబాద్ క్లినిక్‌లు రెండు నిమిషాల్లో ఒక అంకె చెప్పేస్తాయి. నలభై వేలని ఒకరు, డెబ్బై అని ఇంకొకరు, లక్షన్నర అని మరొకరు. ఆ అంకెలో ఏం కలిసిందో, ఏం కలవలేదో వాళ్లు చెప్పరు, మనమూ మొహమాటపడి అడగం. ఇంట్లో చెప్పుకునే విషయం కాదు, స్నేహితురాళ్లని అడగాలన్నా నోరు రాదు, అందుకే చాలామంది రాత్రిపూట ఫోన్లో వెతుక్కుని, ఎవరు మంచిగా మాట్లాడితే వాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఈ ఆపరేషన్‌లో ఒకసారి కోసేసిన భాగం మళ్లీ పెరగదు. కాబట్టి అడ్వాన్స్ కట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: ఎవరు కోస్తారు, ఎంత కోస్తారు, తేడా వస్తే ఆ ఖర్చు ఎవరిది. కింద రాసిందంతా ఆ మూడింటి కోసమే.

యోని ద్వారానికి రెండు పక్కలా బయటి పెదవులు, వాటి లోపల సన్నగా ఇంకో రెండు పెదవులు ఉంటాయి. ఆ లోపలి పెదవుల్ని చిన్నవి చేసేదే లేబియాప్లాస్టీ. గంట, రెండు గంటల పని, ఎక్కువగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. యోనిని బిగుతు చేసేది వేరే ఆపరేషన్, కన్నెపొరను కుట్టే హైమెనోప్లాస్టీ ఇంకా వేరు. కొన్ని చోట్ల అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా అమ్ముతారు, మీరు అడగని వాటికి ఒప్పుకోవద్దు.

ముందు ఇది మీకు అవసరమా అన్నది తేల్చుకోండి

చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "నావి మామూలుగానే ఉన్నాయా?" అని. 2005లో బ్రిటన్‌లో 50 మంది స్త్రీలను కొలిచి చూస్తే లోపలి పెదవుల వెడల్పు ఒకరికి 7 మిల్లీమీటర్లు, ఇంకొకరికి 50 మిల్లీమీటర్లు ఉంది. అంటే ఏడు రెట్ల తేడా, అందరూ ఆరోగ్యవంతులే. 2018లో స్విట్జర్లాండ్‌లో 600 మందికి పైగా స్త్రీలను కొలిచినవాళ్లు కూడా ఇదే మాట అన్నారు, "ఇదీ మామూలు సైజు" అని గీత గీయడానికి వీల్లేనంత తేడాలున్నాయని. ఒకవైపు పెద్దది, ఇంకోవైపు చిన్నది ఉండటం, బయటికి కనిపించడం, అంచులు ముడతలుగా ఉండటం, రంగు ముదురుగా ఉండటం, ఇవన్నీ మామూలే. మన చర్మం రంగుకి అక్కడ ఇంకాస్త నలుపు ఉండటం సహజం, ఆ నలుపు కోసం ఎవరైనా ఆపరేషన్ చెప్పారంటే, లేదా "ఇంటిమేట్ వైటెనింగ్" క్రీమ్ అంటగట్టారంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. పోర్న్ వీడియోల్లోనూ, క్లినిక్ ప్రకటనల్లోనూ కనిపించేవి ఏరి పెట్టినవి, దిద్దినవి. వాటితో పోల్చుకుని బాధపడొద్దు.

అందం కోసం కాకుండా నిజంగా ఇబ్బంది ఉండి వెళ్లేవాళ్లూ ఉన్నారు. జీన్స్ వేసుకుంటే ఒరుసుకుపోవడం, సైకిల్ మీద, స్కూటీ మీద ఎక్కువసేపు కూర్చుంటే మంట, పీరియడ్స్‌లో ప్యాడ్ అంచు గీరుకోవడం, కలయిక సమయంలో పెదవి లోపలికి లాక్కుపోయి నొప్పి పుట్టడం. ఇవి కల్పించుకున్న బాధలు కావు, "అదేం రోగం" అని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇదే మంట, ఇదే దురద ఫంగల్ ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, సబ్బో వాషో పడక రావచ్చు, లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి వల్ల రావచ్చు. వాటికి మందులే వైద్యం. లైకెన్ స్క్లెరోసస్ ఉన్నది గమనించకుండా కత్తి పెడితే పుండు మానడమే కష్టమవుతుంది. అందుకని మొదటి కన్సల్టేషన్ కాస్మెటిక్ క్లినిక్‌లో పెట్టుకోకండి. ఆపరేషన్ అమ్ముకునే అవసరం లేని గైనకాలజిస్టు దగ్గరికి, కుదిరితే ప్రభుత్వ బోధనాసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లి ఒకసారి చూపించుకోండి. అక్కడ రద్దీ ఉంటుంది, ఆలస్యమవుతుంది, అయినా ఫర్వాలేదు.

ఈలోగా రెండు మూడు నెలలు ఇవి చేసి చూడండి. బిగుతు సింథటిక్ లోదుస్తులు మానేసి వదులైన కాటన్‌వి వేసుకోవాలి, సువాసన వాష్‌లు పక్కనపెట్టి మంచినీళ్లతో కడుక్కోవాలి. నడకకో వ్యాయామానికో వెళ్లేముందు కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి. పూర్తిగా వ్యాక్స్ చేయించుకోవడం ఆపాలి, ఎందుకంటే ఆ వెంట్రుకలే ఒరిపిడి తగలకుండా అడ్డంగా ఉంటాయి. సగం మందికి ఇబ్బంది ఇక్కడే తీరిపోతుందని నేను చెప్పను, కానీ ఖర్చు లేని పని, నష్టం లేని పని, చేసి చూడకుండా కత్తి దాకా వెళ్లడం నాకు అసలు నచ్చదు.

పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిలకైతే నా మాట ఒక్కటే, వద్దు. యుక్తవయసులో ఆ భాగం ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఒకటి ముందు పెరిగి రెండోది తర్వాత పెరగొచ్చు. బ్రిటన్ గైనకాలజిస్టుల రాయల్ కాలేజీ 2013లోనే పద్దెనిమిది నిండకముందు అందం కోసం ఇది చేయకూడదని చెప్పింది. అమెరికా గైనకాలజిస్టుల కాలేజీ 2020లో ఇంకా సూటిగా చెప్పింది: వైద్యపరమైన కారణం లేకుండా చేసే ఈ రకం ఆపరేషన్లలో చెప్పుకోదగ్గ రిస్క్ ఉంది, ఇవి సురక్షితమని, పనిచేస్తాయని ఇంకా రుజువు కాలేదు, ఈ మాట పేషెంటుకి చెప్పాలి అని. చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది సంతృప్తిగానే ఉన్నామని చెప్పిన అధ్యయనాలూ చాలా ఉన్నాయి, అది దాచక్కర్లేదు. అయితే వాటిలో చాలా మటుకు ఆపరేషన్ చేసిన డాక్టర్లే చేసుకున్నవి, కొద్ది నెలలే గమనించినవి.

ఇంకొక్క మాట. ఈ ఆలోచన మీది కాకుండా భర్తదో, పెళ్లికి ముందు బాయ్‌ఫ్రెండ్‌దో అయితే ఆగిపోండి. పెళ్లి దగ్గరపడింది, ఈలోగా చేయించేసుకుందామన్న తొందర కూడా పనికిరాదు, పూర్తిగా మానడానికి నెలలు పడుతుంది. అద్దం ముందు గంటలు గడుపుతూ, దీని గురించే రోజంతా టెన్షన్ పడుతుంటే ముందు మానసిక వైద్యుల్ని కలవండి, ఆ బాధ ఆపరేషన్‌తో పోదు, ఇంకో చోటికి మారుతుందంతే.

ఎవరు కోస్తారు, ఎంత కోస్తారు

సరే, అన్నీ ఆలోచించుకుని చేయించుకోవాలనే అనుకున్నారు. చేసే డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ అయి ఉండాలి, లేదా గైనకాలజీలో ఎంఎస్, ఎండీ, డీఎన్‌బీ చేసి ఈ ఆపరేషన్‌లో విడిగా అనుభవం ఉన్నవాళ్లయి ఉండాలి. "కాస్మెటాలజిస్ట్" అని బోర్డు మీద రాసుకున్నంత మాత్రాన సర్జన్ అయిపోరు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని తెలంగాణ మెడికల్ కౌన్సిల్ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో, నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో చూసుకోండి, ఐదు నిమిషాల పని. నంబరు అడిగితే మొహం చిట్లించే చోట ఉండాల్సిన పని లేదు.

కన్సల్టేషన్‌కి వాట్సాప్‌లో ఫోటోలు పంపమంటే పంపొద్దు. "ఫోటో చూసి ఎస్టిమేట్ చెప్తాం" అనడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఫోటో ఏ రిసెప్షనిస్టు ఫోన్లో ఉంటుందో, ఎవరి ప్రకటనలోకి ఎక్కుతుందో మీకు తెలీదు. పైగా పడుకుని తీసిన ఫోటో చూసి ఎవరూ సరిగా చెప్పలేరు.

సరైన పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను. గదిలో మహిళా నర్సు ఒకరు తప్పకుండా ఉంటారు. డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి చూస్తారు. మీ చేతికి అద్దం ఇచ్చి, ఏ భాగం మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందో మిమ్మల్నే చూపించమంటారు. అప్పుడు మార్కర్‌తోనో, వేలితోనో "ఇక్కడ్నుంచి ఇక్కడికి తీస్తాను, ఇంత మిగులుస్తాను" అని చూపిస్తారు. ఆ మిగిల్చేదే ముఖ్యం. కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు వదిలేయాలన్నది సర్జన్లు సాధారణంగా పాటించే పద్ధతి. లోపలి పెదవులు ఊరికే లేవు, లోపలి భాగం తడి ఆరిపోకుండా కాపాడతాయి, స్పర్శా అక్కడ ఎక్కువే. మొత్తం గీకేసినట్టు తీసేస్తే పొడిబారడం, మంట, కలయికలో నొప్పి జీవితాంతం ఉండిపోవచ్చు, దాన్ని సరిచేయడం చాలా కష్టం. అద్దం ఇవ్వకుండా, అసలు పరీక్షే చేయకుండా కౌన్సెలర్‌తో మాట్లాడించి డేట్ ఇచ్చేస్తే ఆ డేట్ తీసుకోకండి.

పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి ట్రిమ్, అంచు వెంబడి ఎక్కువైన భాగాన్ని కోసి కుట్టేయడం. తేలికైన పద్ధతే, కానీ సహజమైన అంచు పోతుంది, మచ్చ అంచు పొడవునా ఉంటుంది. రెండోది వెడ్జ్, మధ్యలోంచి వీ ఆకారంలో ముక్క తీసి రెండు వైపులా కలిపి కుట్టడం. అంచు సహజంగా మిగులుతుంది, కానీ కుట్ల మీద లాగుడు ఎక్కువ, విడిపోతే మధ్యలో గాటుగానో రంధ్రంగానో మిగలొచ్చు. మీకు ఏది, ఎందుకు అని అడగండి. పైభాగంలో, లోపలి పెదవులు రెండూ కలిసేచోట ఉండే క్లిటోరిస్ మీది చర్మాన్ని కూడా తగ్గిస్తామని కొందరు కలుపుతారు, అక్కడ నరాలు ఎక్కువ, దానికి విడిగా చార్జీ కూడా, అవసరమేంటో విడిగా చెప్పించుకోండి. "లేజర్‌తో చేస్తాం మేడమ్, నొప్పే ఉండదు" అనే మాటకి పడిపోవద్దు. ఈ ఆపరేషన్‌లో లేజర్ అంటే కోసే పనిముట్టు, అంతే. కోతకి కుట్లు పడతాయి, మానడానికి అన్నే రోజులు పడుతుంది. లేజర్ పేరుతో "వెజైనల్ రెజువెనేషన్" అని అమ్మే మిషన్ల గురించైతే అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలోనే హెచ్చరించింది, కాలిన గాయాలు, మచ్చలు, తగ్గని నొప్పి వచ్చే ప్రమాదం ఉందని.

మత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. లోకల్ ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారా, నిద్రపుచ్చి చేస్తారా? నిద్రపుచ్చేటట్టయితే మత్తు డాక్టరు పేరేంటి, ఆపరేషన్ అయ్యేదాకా ఆయనో ఆమో పక్కనే ఉంటారా? ఆక్సిజన్, మానిటర్, అత్యవసర మందులు ఆపరేషన్ థియేటర్‌లో (ఓటీలో) ఉన్నాయా, తేడా వస్తే ఏ ఆసుపత్రి ఐసీయూకి తీసుకెళ్తారు? సర్జన్ గురించి పదిసార్లు ఆలోచించి మత్తు గురించి ఒక్కసారి కూడా అడగకపోవడం తప్పు, ప్రాణానికి వచ్చే ముప్పు ఏదైనా ఉంటే ఎక్కువగా అక్కడే.

ఫోన్లో చెప్పిన ధర, చేతిలో పడే బిల్లు

ఫోన్లో 45,000 అన్నారనుకుందాం. అది సర్జన్ ఫీజు, ఓటీ కలిపి. మత్తు డాక్టరుకి విడిగా 8,000, అంటే 53,000. అందం కోసం చేసే సర్జరీకి జీఎస్టీ మినహాయింపు లేదు, మామూలు వైద్యంలా కాదు. రేటు ఎంతో క్లినిక్‌ని అడగండి, 18 శాతం లెక్కన వేస్తే అది 9,540. ఇక్కడికి 62,540 అయింది. రక్తపరీక్షలు, ఈసీజీ లాంటివాటికి ఓ 3,500, మందులకి 2,500, కన్సల్టేషన్లకి ఓ వెయ్యి వేసుకోండి. 69,540. నలభై ఐదు వేలనుకుని వెళ్లినవాళ్లు డెబ్బై వేలు కట్టి వస్తారు. ఈ అంకెలు నేను లెక్క కోసం వేసినవి, మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు, కానీ బిల్లు పెరిగే తీరు ఇదే. దీనికి తోడు వారం రోజుల సెలవు, కొన్నాళ్లు ఆటోలు, క్యాబ్‌లు, పిల్లలుంటే చూసుకోవడానికి ఒక మనిషి.

పుట్టుకతో ఉన్న లోపాన్నో, ప్రమాదంలోనో మరో గాయంలోనో చెదిరిన భాగాన్నో సరిచేస్తుంటే జీఎస్టీ మినహాయింపు వర్తిస్తుంది. కాన్పులో చిరిగి సరిగా అతుక్కోకపోయినవాళ్లు ఆ సంగతి అడగాలి. ఇన్సూరెన్స్ కూడా అలాగే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే పాలసీ డబ్బు ఇవ్వని వాటిలో, ఎనిమిదో కోడ్ కాస్మెటిక్ సర్జరీదే, మీ పాలసీ కాగితాల్లో ఉంటుంది చూడండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికో, ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉందని డాక్టరు ధ్రువీకరిస్తేనో తప్ప డబ్బు రాదు. "వేరే జబ్బు పేరు రాసి క్లెయిమ్ చేయిద్దాం" అని క్లినిక్ వాళ్లంటే ఒప్పుకోవద్దు, దొరికితే పాలసీ పోయేది మీది.

ఈ ఖర్చులన్నిటికంటే పెద్దది ఇంకోటుంది, ఎస్టిమేట్‌లో కనిపించదు. రెండోసారి ఆపరేషన్. కుట్లు విడిపోయినా, ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అయినా మళ్లీ సరిచేయాల్సి రావచ్చు, అదీ వాపంతా తగ్గాక, ఆరు నెలలాగి. అప్పుడు సర్జన్ ఫీజు తీసుకోరా? ఓటీ, మత్తు చార్జీలు ఎవరివి? ఎన్నాళ్ల లోపు? ఈ మూడూ అడిగి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. "అలాంటిదేం జరగదమ్మా" అన్నది జవాబు కాదు. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టే నేనైతే క్లినిక్‌ని ఎంచుకుంటాను, ధరని బట్టి కాదు. "ఈ వారంలో కడితే ముప్పై శాతం తగ్గింపు", "ఈఎంఐ ఉంది" అనే చోట ఇంకా జాగ్రత్త.

అమెరికాలో ఉండే మనవాళ్లు సెలవులకి వచ్చినప్పుడు ఇక్కడ చేయించుకుని వెళ్దామనుకుంటారు. అక్కడ సర్జన్ ఫీజే మూడు వేల డాలర్లకు పైన, మత్తు, ఓటీ వేరు, కాబట్టి ఇక్కడ చవకే. కానీ మూడు వారాల సెలవులో ఇది పెట్టుకోకండి. మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత ఆరు వారాల దగ్గర ఒకసారి అదే డాక్టరు చూడాలి. డల్లాస్ వెళ్లాక కుట్లు విడిపోతే అక్కడి ఎమర్జెన్సీ బిల్లు ఇక్కడ మిగిల్చిన డబ్బంతా మింగేస్తుంది.

ఆపరేషన్ ముందు, తర్వాత

పీరియడ్స్ అయిపోయిన వెంటనే డేట్ పెట్టించుకోండి, గాయం కాస్త మానేదాకా ప్యాడ్ అవసరం రాదు. షుగర్ అదుపులో ఉండాలి. సిగరెట్ తాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరుకి చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు. కాన్పయి కొద్ది నెలలే అయితే ఇంకా ఆగండి, ఆ భాగం తనంతట తాను సర్దుకుంటుంది.

మొదటి మూడు రోజులు వాపు చూసి భయమేస్తుంది, ముందుకంటే పెద్దగా కనిపిస్తాయి. అది మామూలే. ఐస్‌ని గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టుకోవాలి, నేరుగా కాదు. మూత్రానికి వెళ్లినప్పుడు మంట తగ్గడానికి మగ్గుతో నీళ్లు పోసుకుంటూ వెళ్లండి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్దుకోండి, తుడవొద్దు. పసుపు, వేపాకు, కొబ్బరినూనె, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఏదీ కుట్ల మీద పెట్టొద్దు. కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి. కూర్చుని చేసే ఉద్యోగానికి దాదాపు వారంలో వెళ్లొచ్చు. కలయిక, టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్, స్కూటీ, జిమ్, ఈత, వీటికి ఆరు వారాలు ఆగాలి. అసలు ఆకారం తెలిసేది మూడు నుంచి ఆరు నెలల తర్వాతే.

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తం పోతున్నా, ఒకవైపే వాపు గంటగంటకీ పెరిగి గట్టిపడుతున్నా, జ్వరం, చీము, దుర్వాసన వచ్చినా, మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. క్లినిక్ ఫోన్ ఎత్తకపోతే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, ఏం ఆపరేషనో దాచకుండా చెప్పండి. రాత్రి రెండింటికి ఏ నంబరుకి చేయాలో డిశ్చార్జి కాగితం మీద ముందే రాయించుకుని ఉంచుకోండి.

సంతకం, కాగితాలు

మీకు పద్దెనిమిది నిండితే మీ సంతకమే చాలు. చట్టప్రకారం భర్త సంతకం అక్కర్లేదు. కన్సెంట్ ఫారం ఓటీ గుమ్మం దగ్గర కాకుండా రెండు రోజుల ముందే అడిగి తీసుకోండి, ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకోండి. ఏ పద్ధతి, ఎంత భాగం, క్లిటోరిస్ మీది చర్మం ముట్టుకుంటారా లేదా అన్నది అందులో ఉండాలి. ఒకదానికి ఇచ్చిన ఒప్పుకోలుతో, ప్రాణం మీదికి వస్తే తప్ప, ఇంకోటి చేయడానికి వీల్లేదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముందు తర్వాత ఫోటోలు తీస్తే అవి మీ ఫైలుకే అని, ప్రకటనలకి వాడబోమని రాయించుకోండి. ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం పెట్టొద్దు.

బిల్లులు, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ అన్నీ అడిగి తెచ్చుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. ఏదైనా తేడా జరిగి, క్లినిక్ మొహం చాటేస్తే డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు, డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చెప్తారు. ఏ ఆపరేషన్ అని అడుగుతారేమో, పరువు పోతుందేమో అని ఆ ఫోన్ చేయకుండా ఉండిపోవద్దు.